గాదె లెక్క

గవర్రాజు మాస్టారు రిటైరై చాలా ఏళ్ళయినా, ఆ చుట్టుపక్కల బడుల్లో కొత్తగా చేరిన లెక్కల టీచర్లు సందేహాలతో ఆయన ఇంటికి వస్తూనే ఉంటారు. ఒక ఆదివారం జ్ఞానసుందరి అనే టీచరు జవాబు పత్రాల కట్టతో వచ్చి అడిగింది: "మాస్టారూ, పిల్లలు రాసిన జవాబు, పుస్తకంలోని జవాబుతో కలవకపోతే కొట్టేయడమేనా?"

ఆయన సూటిగా బదులివ్వలేదు. తన బడిలో జరిగినది చెప్పారు.

పార్వతీపురం దగ్గర ఆయన పనిచేసే రోజుల్లో తొమ్మిదో తరగతిలో పారమ్మ అనే అమ్మాయి ఉండేది. వాళ్ళది వెదురుతో చాటలు, గాదెలు అల్లే ఇల్లు. సంవత్సరాంత పరీక్షలో ఆయన పుస్తకంలోంచి ఒక లెక్క ఇచ్చారు: ధాన్యం పోసే స్థూపాకారపు గాదె వ్యాసం 1.4 మీటర్లు, ఎత్తు రెండు మీటర్లు. దాని గోడను పేడమట్టితో అలకాలంటే వైశాల్యం ఎంత? పుస్తకం ప్రకారం 8.8 చదరపు మీటర్లు. పారమ్మ అంతా సరిగ్గా చేసి, చివర రెండుతో హెచ్చవేసి 17.6 అని రాసింది. ఆయన సున్నా చుట్టారు. అది నాలుగు మార్కుల లెక్క. ఆమెకు మొత్తం ముప్పై రెండు వచ్చాయి. గట్టెక్కాలంటే ముప్పై అయిదు కావాలి.

పేపర్లు చూపించిన రోజు ఆమె లేచి నిలబడింది. "లోపల కూడా అలకాలి గదా మేస్టారూ. లేపోతే గింజకి పురుగు పట్టేస్తాది."

"పుస్తకం రాసినవాళ్ళ కంటే నీకెక్కువ తెలుసా? నీకు లెక్కలు రావు, కూర్చో!" అన్నారాయన. తరగతి గొల్లుమంది.

ఆమె మాట నిజమని ఆ క్షణంలోనే ఆయనకు తెలుసు. చిన్నప్పుడు తమ ఇంటి గాదెలోకి దిగి, తల్లి పైనుంచి అందిస్తుంటే లోపలి గోడ అలికింది ఆయనే. మార్కుల జాబితా ఇంకా హెడ్మాస్టరుకు పంపలేదు కూడా. కానీ నలభై మంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం ఎలా? సున్నా అలాగే ఉంచి సంతకం పెట్టారు. వేసవి సెలవులయ్యాక పారమ్మ బడికి రాలేదు.

పాతికేళ్ళ తర్వాత సంతలో చాటలు అమ్ముతూ కనిపించింది. ఆమే గుర్తుపట్టి దండం పెట్టింది. పక్కన వెదురు చీలుస్తున్న పిల్లను చూపించి, "నా కూతురు బాబూ. ఇదీ లెక్కల్లో తప్పింది. మళ్ళీ చదువుతానంటే నేనే మాన్పించేశాను. మాకు లెక్కలు రావని మీరు ఆనాడే చెప్పారు గదా" అంది.

"ఆ గాదె లెక్క నువ్వు సరిగ్గానే చేశావు తల్లీ. తప్పు నాది" అన్నారాయన.

కూతురు కత్తి ఆపి ఆయన వంక చూసింది. పారమ్మ మాత్రం నవ్వేసింది. "ఊరుకోండి బాబూ! మీరు మంచోరు కాబట్టి అలాగంటారు." కూతురితో "పని చూడు" అని, మంచి చాట ఒకటి ఏరి ఆయన చేతిలో పెట్టింది.

జ్ఞానసుందరి అడిగింది. "మీరే స్వయంగా చెప్పినా నమ్మలేదా మాస్టారూ?"

"ఎలా నమ్ముతుందమ్మా?" అన్నారాయన. "లెక్కలు రావని చెప్పిందీ నేనేగా."