నూకాలు డ్రమ్ము

అనగనగా ఒక ఊళ్ళో కాదే చిట్టీ, ఊరి పక్కన కొండ మీద ఒక పేటలో నూకాలని ఓ పిల్ల ఉండేది. నీ అంతే ఉండేది. నోరు మాత్రం నీకు రెండింతలు.

వాళ్ళింట్లో ఓ నీలం డ్రమ్ముంది. ఎండాకాలం అందులో నీళ్ళు పోస్తారు. వానాకాలం బియ్యం దాస్తారు. ఖాళీగా ఉంటే బోర్లించి, దాని మీద కూర్చుని వాళ్ళమ్మ జడేస్తుంది. ఇంకో పని కూడా చేస్తుందది. ఆ పేటలో కుళాయిల్లేవు, ట్యాంకరొస్తేనే నీళ్ళు. లైన్లో డ్రమ్ము పెడితే మనిషి నిలబడ్డట్టే లెక్క. పెట్టేసి పనికి పోవచ్చు, ఎవరూ కదపరు.

ఆ రోజు వాళ్ళమ్మకీ, కొత్తగా పుట్టిన తమ్ముడికీ పురిటి స్నానం. ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. అందుకే నూకాలు అందరికంటే ముందు డ్రమ్ము పెట్టేసి, అక్కడే కాపలా ఉంది. ఒక్కొక్కటిగా పేటవాళ్ళ డ్రమ్ములూ దాని వెనక చేరాయి.

అప్పుడు హోటల్ సన్యాసిరావు వచ్చాడు. వెనకాల బండి నిండా డ్రమ్ములు. నూకాలు డ్రమ్ముని కాలితో పక్కకి నెట్టి తనవి వరసగా పేర్చాడు. నూకాలు తనది మళ్ళీ ముందుకి లాక్కొచ్చింది.

ఈసారి సన్యాసిరావు దాన్ని గట్టిగా తన్నాడు. డ్రమ్ము దొర్లి దొర్లి మురిక్కాలవలో పడింది. నూకాలు దాన్ని పైకి లాగి, గౌనుతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది.

మూడోసారి కాలెత్తుతూ అన్నాడు, "ఖాళీ డ్రమ్ముకి లైనేంటే? మనుషులుంటేనే లైను."

నూకాలు గభాల్న డ్రమ్ములోకి దిగి కూర్చుంది. తల ఒక్కటే పైకి కనిపిస్తోంది.

"ఇప్పుడు ఖాళీ లేదు మావయ్యా. తన్ను చూద్దాం."

కాలు గాల్లోనే ఆగిపోయింది. పేటంతా చూస్తోంది మరి.

అప్పుడు పక్కింటి సింహాచలమ్మ వచ్చి తన డ్రమ్ముని వాటేసుకుని నిలబడింది. ఆమెని చూసి మిగతా ఆడవాళ్ళూ వచ్చి ఎవరి డ్రమ్ము వాళ్ళు పట్టుకున్నారు.

సింహాచలమ్మ తాపీగా అడిగింది, "మనుషులుంటేనే లైనన్నావుగా నాయనా. నీ డ్రమ్ముల్లో ఎవరున్నారు?"

సన్యాసిరావు రోషంగా ఓ డ్రమ్ములో కాలు పెట్టాడు. ఆ కాలు ఇరుక్కుపోయింది. పేటంతా ఒకటే నవ్వు. వాళ్ళే జాలిపడి లాగి, ఆ డ్రమ్ములన్నీ దొర్లించి లైను చివర నిలబెట్టారు.

ఆ తర్వాత ట్యాంకరొచ్చింది. పైపు చేతికందేదాకా నూకాలు లేవలేదు. లేచి, డ్రమ్ము శుభ్రంగా కడిగి, అందరికంటే ముందు తనదే నింపుకుంది.

ఆ మధ్యాహ్నం తమ్ముడు స్నానానికి పెట్టిన ఏడుపు హోటల్ దాకా వినిపించింది. వాడికీ అక్క నోరే వచ్చింది.

కథ వెళ్ళింది కంచికి,
నీళ్ళొచ్చాయి ఇంటికి,
నిద్దర రావాలి నీ కంటికి.