దొరగారి పులి

కొండపాలెం జమీందారు నరసరాజుగారి తాత ఒట్టి చేతులతో పులిని చంపాడని ఊళ్లో చెప్పుకునేవారు. కాకపోతే అందరూ "చంపాడట" అనేవారు. ఆ "అట" దొరగారికి ముల్లులా గుచ్చుకునేది. చివరికి, తన వంశం గురించి "అట" అని గానీ "కాబోలు" అని గానీ అన్నవాళ్లని బందెలదొడ్డిలో పెడతానని చాటింపు వేయించాడు.

మొదట దొరికినవాడు బుట్టలల్లే సన్యాసి. అలవాటుకొద్దీ నోరు జారి, దొడ్డిలో గేదెల మధ్య కూర్చున్నాడు.

మర్నాడు అతని పెళ్లాం పోలమ్మ నిండు కచేరీకి వచ్చింది.

"దొరా, మీ తాతగారు పులిని చంపారు. దాన్ని కోటదాకా మోసుకొచ్చింది మా తాత. తాతగారు మెచ్చి, మీ వెదురుతోపంతా మా తాతకి ఇచ్చేశారు. ఇక మాకు ఒప్పజెప్పండి."

దొర ఉలిక్కిపడ్డాడు. "ఎవరు చూశారే? ఇచ్చారట అను."

"ఇదీ మీ వంశం సంగతే కదా బాబూ. ఆ మాటంటే నన్నూ గేదెల్లో కట్టేస్తారు."

కచేరీలో ఎవరూ తలెత్తలేదు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

పొద్దు వాలకముందే రెండో చాటింపు పడింది. ఎవరైనా, దేని గురించైనా "అట" అనుకోవచ్చు. సన్యాసి ఇంటికొచ్చి రెండు బిందెల నీళ్లు పోసుకున్నాడు.

వెదురుతోపు దొరగారికే మిగిలింది. పులి మాత్రం ఆ రోజు నుంచి సగం బతికే ఉంది.