చౌడమ్మ గుంట మగ్గం

అనగనగనగా, కోడి కూత కంటే ముందు మగ్గాల చప్పుడు వినిపించే ఒక ఊళ్ళో చౌడమ్మ అనే నేతగత్తె ఉండేది. భర్త పోయాడు. ఆవిడా, మూడేళ్ళ కూతురు రత్తీ, ఒక కోడిపెట్టా, ఒక మేకా, ఒక గుంట మగ్గమూ. అంతే సంసారం.

గుంట మగ్గమంటే తెలుసా బంగారూ? నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు జారవిడిచి, గట్టు మీద కూర్చుని నేస్తారు. కాళ్ళ కింద చెక్కలు తొక్కుతుంటే పడుగు దారాలు, అంటే నిలువు పోగులు, లేస్తాయి, పడతాయి. వాటి మధ్యలోంచి అడ్డదారం పట్టుకుని నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. ఎవరి గుంట వాళ్ళ కాళ్ళ పొడవుకే తవ్వుకోవాలి. చౌడమ్మ గుంటని వాళ్ళమ్మ తవ్వింది, కూతురి కాలికి పుల్ల ఆనించి కొలత తీసి మరీ. ఆ మగ్గం ఆడితేనే పొయ్యి మీదికి కుండ ఎక్కేది.

ఆ ఊళ్ళోనే పట్టాభిరామయ్య అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆ పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. అందరూ మంచయ్య అనేవాళ్ళు. ఎవరు ఏడ్చినా ఆయన కళ్ళు ముందు తడిసేవి. దారిలో చీమ కనబడితే పక్కకి తప్పుకునేవాడు. ఆ తప్పుకోవడంలో ఎవరి ముగ్గు తొక్కాడో మాత్రం చూసుకునేవాడు కాదు.

ఒకరోజు ఆయన చౌడమ్మ వాకిట్లోంచి వెళ్తూ పొదుగుతున్న పెట్టని చూశాడు. "అయ్యయ్యో, కదలకుండా కూర్చుంది, ఎంత ఆకలేస్తోందో" అనుకున్నాడు. దాన్ని చంకన పెట్టుకుని వాళ్ళింటికి తీసుకెళ్ళి, గంప కింద మూసి, రెండు రోజులు నూకలు మేపాడు. చౌడమ్మ పెట్ట కోసం ఊరంతా వెతికింది. అప్పటికి గుడ్లన్నీ చల్లబడిపోయాయి. ఒక్క పిల్ల కూడా బయటికి రాలేదు.

మంచయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నేను మంచికే చేశానమ్మా!"

ఊళ్ళో వాళ్ళందరూ చౌడమ్మ మొహంలోకి చూశారు. అప్పుడావిడ ఏం చేస్తుంది? "పర్వాలేదులెండి" అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయన చౌడమ్మ మేకని చూశాడు. "ఎప్పుడూ ఆకూ అలమేనా, పాపం! ఒక్కపూటైనా కడుపునిండా తిననీ" అనుకున్నాడు. చేటెడు బియ్యం తెచ్చి దాని ముందు పోశాడు. మేకకేం తెలుసు? చేట ఖాళీ అయ్యేదాకా తింది. పొట్ట ఉబ్బి, మర్నాటికి చచ్చిపోయింది. రత్తికి పాలు లేవు.

మంచయ్య ఈసారి వెక్కి వెక్కి ఏడ్చాడు. "నేను మంచికే చేశానమ్మా!" పక్కన రత్తి కూడా ఏడుస్తోంది. కానీ ఊరంతా మంచయ్య చుట్టూ చేరింది. ఒకరు మంచినీళ్ళిచ్చారు, ఒకరు విసనకర్రతో విసిరారు. చూశావా చోద్యం! చౌడమ్మ చంకలో పిల్లని పెట్టుకునే ఆయన్ని ఓదార్చింది. "పర్వాలేదులెండి, ఊరుకోండి" అంది.

ఆ మాట ఆవిడ గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది.

ఆ తర్వాత మూడోసారి. చౌడమ్మ రంగు దారం తెచ్చుకుందామని పిల్లనెత్తుకుని పొరుగూరు వెళ్ళింది. అప్పుడు మంచయ్య వచ్చాడు. తలుపు తీసే ఉంది. మగ్గం చూశాడు, గుంట చూశాడు, గుంటలో చెమ్మ చూశాడు. గుండె కరిగిపోయింది. "సగం పూడ్చిన మనిషిలా పొద్దస్తమానం ఈ గోతిలోనా! ఇకనుంచి మహారాణిలా పీట మీద కూర్చోవాలి నా తల్లి" అనుకున్నాడు.

పాలేళ్ళని పిలిచాడు. మగ్గం మీదున్న పడుగుని లాగి, దుప్పటిలా మడతపెట్టి చిలక్కొయ్యకి తగిలించాడు. తొక్కే చెక్కలు పీకించాడు. గుంట నిండా మట్టి పోయించి, దిమ్మిస కొట్టించి, పేడతో అలికించి, పైన ముగ్గు కూడా వేయించాడు. మధ్యలో కొత్త పీట.

చౌడమ్మ వచ్చి గడపలో నిలబడిపోయింది. ఇరవై రోజులు కూర్చుని వేసిన పడుగు! ఎక్కడికక్కడ తెగి, చిక్కుబడి, కొయ్యకి వేలాడుతోంది. అమ్మ కొలిచి తవ్విన గుంట లేదు. కింద ముగ్గు నవ్వుతోంది.

మంచయ్య మెరిసే కళ్ళతో, "ఎలా ఉందమ్మా? ఇక ఆ చెమ్మ గోతిలో కాళ్ళు నొప్పెట్టేలా కూర్చోనక్కర్లేదు" అన్నాడు.

చౌడమ్మ కేక పెట్టింది. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. మంచయ్య మొహం వాడిపోయింది. "నేను మంచికే..." అని మొదలుపెట్టాడు.

"పోనీలే చౌడమ్మా" అంది ఎదురింటి గవరమ్మ. "ఆయన మనసు వెన్న."

"వెన్నేనక్కా. ఆ వెన్న ఆయన ఇంట్లోనే ఉంది. మా ఇంటికొచ్చింది మట్టి."

"పర్వాలేదని ఒక్క మాట అనవే. పెద్దాయన, ఏడుస్తున్నాడు."

"ఏడవనీ! మేక చచ్చిన రోజు నా పిల్లా ఏడ్చింది. దాన్ని మీలో ఎవరైనా ఎత్తుకున్నారా? ఈయన్ని మాత్రం నేను ఓదార్చాలి. పర్వాలేదా? పర్వా ఉంది! మొదటిసారీ ఉంది, రెండోసారీ ఉంది. మీ అందరి మొహమాటానికీ లేదన్నాను."

అప్పుడామె మంచయ్య వైపు తిరిగింది.

"కాళ్ళు నొప్పులని నేను మీతో చెప్పానా?"

"లేదమ్మా."

"ఆ చెమ్మ చూసి జాలిపడ్డారే, ఆ చల్లదనం ఉంటేనే దారం తెగకుండా ఉంటుందని తెలుసా?"

"తెలీదమ్మా."

"తెలియనప్పుడు అడగొచ్చుగా? నోరుందిగా? ఎందుకు అడగలేదు?"

మంచయ్య తల దించుకుని గొణిగాడు. "అడిగితే నువ్వు వద్దంటావేమోనని..."

విన్నావా బంగారూ? వద్దంటుందని తెలుసట! తెలిసే అడగలేదట!

చౌడమ్మ కూడా అదే పట్టుకుంది. "అంటే నా మాట వినబడకూడదనే నేను లేనప్పుడు వచ్చారు. మరి ఈ మంచి ఎవరికి చేశారు? నాకా, మీకా? మీ మనసులో ఏముందో నేను చూడలేను. నా ఇంట్లో ఏం మిగిలిందో మీరు చూడండి."

మంచయ్య చూశాడు. ఏడవకుండా చూడటం ఆయనకదే మొదటిసారి. ఏడుపు ఆగేసరికి కళ్ళకి అన్నీ కనబడ్డాయి. తెగిన దారాలూ, పీకేసిన చెక్కలూ, ఖాళీ మేక గుంజా.

"పాలేళ్ళని పిలిపిస్తాను" అన్నాడు.

"పాలేళ్ళు కాదు. పార మీరు పట్టుకోండి."

అప్పుడు మంచయ్య పంచె ఎగ్గట్టి, అరచేతులు బొబ్బలెక్కేలా తవ్వాడు. ముందు తన కాళ్ళు పెట్టి చూసుకుని తవ్వాడు. చౌడమ్మ కూర్చుంటే కాళ్ళు గాల్లో వేలాడాయి. ఆవిడ "ఊహూఁ" అంది, అంతే. ఆ తర్వాత మట్టి పోసి ఎత్తు చేశాడు. ఈసారి మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. చౌడమ్మ మళ్ళీ "ఊహూఁ" అంది. మూడోసారి పార ఎత్తి, ఆగిపోయాడు. చెమట తుడుచుకున్నాడు. గుంటలోంచి తలెత్తి చూశాడు.

"ఎంత లోతు తవ్వమంటావు చౌడమ్మా?"

వీధంతా చెవులు రిక్కించింది. ఒక పని చేసేముందు ఆయన ఇంకొకర్ని అడిగిన మొట్టమొదటి మాట అది.

చౌడమ్మ చూరులోంచి ఒక పుల్ల తీసి, కాలికి ఆనించి, కొలిచి, విరిచి ఇచ్చింది.

గుంట సరిపోయింది. చెక్కలు బిగించారు. ఆ తర్వాత తెగిన పడుగు అతకాలి. వందల పోగులు! మంచయ్య రోజూ పొద్దున్నే వచ్చి గడప బయట నిలబడి, "లోపలికి రానా?" అనేవాడు. రమ్మన్న రోజు వచ్చి పోగు కొస పట్టుకుని "ఇది దీనికేనా?" అని అడిగేవాడు. వద్దన్న రోజు వెనక్కి వెళ్ళిపోయేవాడు. పదకొండో రోజుకి మగ్గం మళ్ళీ ఆడింది. ఆ రోజే ఆయన గుమ్మంలో నిలబడి, "పాలిచ్చే మేకని తోలుకు రానా?" అని అడిగాడు. "తోలుకు రండి. దాని మేత సంగతి మాత్రం నేను చూసుకుంటాను" అంది చౌడమ్మ.

రత్తి పాలు తాగింది కానీ, పాత మేక గుంజ దగ్గరికి వెళ్ళి నిలబడటం మాత్రం చాలా రోజులు మానలేదు.

ఏమిటే, ఇంకా నిద్రపోలేదూ? ఆయన్ని చౌడమ్మ క్షమించిందా అంటావా? నన్నడుగుతావేమే పిచ్చిదానా! నేనెవర్ని చెప్పడానికి? అది చౌడమ్మని అడగాలి. కానీ ఒక్కటి మాత్రం చెప్తా, విను. ఆ తర్వాత ఆవిడ నోటివెంట ఇష్టం లేని "పర్వాలేదు" మళ్ళీ రాలేదు. రేపు ఎవరైనా నీ చెయ్యి తొక్కి, మంచికే తొక్కానంటే, ముందు కాలు తియ్యమను. మనసు సంగతి తర్వాత చూద్దాం.

కథ నడిచింది కంచికి,
నాడె చేరింది అంచుకి,
అడిగినవాడు అరుగు మీదికి,
అడగనివాడు గడప అవతలికి,
నువ్వూ నేనూ మంచానికి!