పట్టుగుడ్డ కింది మిక్సరు

మునగదిన్నెలో బుర్రకథ చెప్పే పైడమ్మ మైకుల గొంతులు కలిపే చిన్న మిక్సరు చవకలో కొనుక్కుంది. దళంలో ఉన్నది ముగ్గురే. ఇంట్లో ఒక్కొక్కరి గొంతూ విడివిడిగా రికార్డు చేసుకోడానికైనా, జాతరలో కథకైనా అది చాలు.

ఊరి ప్రెసిడెంటు కోదండపాణి పకపకా నవ్వాడు. "నా జాతరకి ఈ అగ్గిపెట్టె ఏంటే? బల్లంత మిక్సరు తెప్పించాను. దాని మీద చెప్పు, లేదంటే ఇక వేదికెక్కకు!"

కొత్త మిక్సరుకి పసుపూ కుంకుమా పెట్టించి, పట్టుగుడ్డ కప్పించాడు. కథయ్యాక తన చేత్తోనే ముసుగు తీస్తానన్నాడు. పైడమ్మ గుడ్డ కిందికి చేతులు పోనిచ్చి వైర్లు కలుపుకుంది.

కథ సగంలో జనం ఈలలేశారు. ప్రెసిడెంటు ఆగలేకపోయాడు. వేదికెక్కి పైడమ్మ మైకు లాక్కున్నాడు.

"విన్నారా! డబ్బు పోస్తే ఇలా పలుకుతుంది. దాని అగ్గిపెట్టెకి ఇది చేతనవునా?" అంటూ గుడ్డ లాగేశాడు.

పెద్ద మిక్సరుకి ఒక్క వైరూ లేదు. దాని నెత్తిన కూర్చుని అగ్గిపెట్టె వెలుగుతోంది. మూడు మైకుల వైర్లూ దానికే ఉన్నాయి.

"నా మిక్సరు మీద చెప్పమన్నానుగదే?" అని అరిచాడు. ఆ అరుపు ఊరంతా వినబడింది.

"కిందే ఉంది బాబూ. దాని మీదే చెప్పమన్నారు, చెప్పాను," అంది పైడమ్మ చెయ్యి చాపి. "మైకిటివ్వండి. సగం కథ ఇంకా ఉంది."