కోళ్ళగంప కింద పిల్ల

కాళ్ళు ముడుచుకుని పడుకో అమ్మలూ, చెబుతాను. అనగనగా ఒక ఊళ్ళో వరహాలని ఎనిమిదేళ్ళ పిల్ల ఉండేది. బడి వదిలితే చాలు, వీధి వీధంతా దాగుడుమూతలే. ఆ సాయంత్రాలు మళ్ళీ రమ్మంటే వస్తాయా.

ఆ వీధిలోనే నూకరత్నమని అయిదేళ్ళది ఒకతి ఉండేది. నేనూ ఆడతానని వెంటపడేది. కాదంటే ఏడుస్తుంది కదా, అందుకని దాన్ని ఆటలో అరటిపండుని చేశారు. అంటే పరిగెత్తొచ్చు, దాక్కోవచ్చు, కానీ దొరికినా దొంగ అవదు. దానికేమో ఒక్కసారైనా దొంగై, గోడకి మొహం పెట్టి అంకెలు లెక్కపెట్టాలని ఆశ.

ఒకరోజు వరహాలు దొంగ అయింది. అరుగు వెనక ఒకణ్ణి పట్టుకుంది. గడ్డివాము పక్కన ఇంకొకతిని పట్టుకుంది. అప్పుడు కోళ్ళగంప దగ్గరికొచ్చింది. అల్లిక సందుల్లోంచి రెండు కళ్ళు కనిపించాయి. చూసింది. అరటిపండేగా అనుకుని దాటిపోయింది.

ఆ తర్వాత అందరూ ఇళ్ళకు పోయి అన్నాలు తిన్నారు. నూకరత్నం మాత్రం ఊపిరి బిగబట్టుకుని గంప కిందే ఉంది. దీపాలు పెట్టే వేళకు వాళ్ళమ్మ వెతుక్కుంటూ వచ్చి గంప ఎత్తింది. ఒళ్ళంతా చీమలు కుట్టినా, "నేనే గెలిచేను" అని నవ్విందట పిచ్చిపిల్ల.

ఆ తర్వాత నూకరత్నం వాళ్ళు ఊరు మారిపోయారు. వరహాలు పెద్దదై బొమ్మలు వేసే మనిషైంది. పేరొచ్చింది, జుట్టు నెరిసింది, ఆ రెండు కళ్ళు మాత్రం వదల్లేదు. పిల్లలు పుణ్యం పాపం ఎరగరంటారు గానీ, తను ఎరిగే చేసింది మరి. చివరికి గోడంత బొమ్మ వేసింది. నిండా నవ్వే పిల్లలు, మూలన కోళ్ళగంప. పట్నంలో దాన్ని ప్రదర్శనకు పెడితే, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

మొదట ఒక పెద్దాయన వచ్చి, ఎంత అమాయకపు నవ్వులో అన్నాడు. ఆ తర్వాత ఒక పంతులమ్మ వచ్చి, గౌన్ల రంగులు బాగున్నాయంది. మూడో ఆవిడ చేతిసంచి కింద పెట్టి, వంగి గంప సందుల్లోని రెండు కళ్ళనే చూసింది. చాలాసేపు చూసింది.

"అయితే నువ్వు నన్ను చూసేవన్నమాట, వరాలక్కా," అంది. "ఇన్నాళ్ళూ నేనే గెలిచేననుకున్నాను."

వరహాలు కుర్చీలోంచి లేచింది. "చూసేనే. లెక్కలో లేనిదానివి కదా అని పోయేను," అని ఏడ్చింది. అప్పుడు చెయ్యి చాపి ఆవిడ భుజం తాకింది. "దొరికేవే, నూకా."

నూకరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "దొరికితే నేనేగా దొంగ. పో, దాక్కో," అని అక్కడే గోడకి మొహం పెట్టి ఒకటి, రెండు అని మొదలెట్టింది.

వరహాలు మోకాళ్ళు పట్టుకుంటూ స్తంభం వెనక్కి చేరింది. చీర కొంగు బయటికే ఉంది. అడుగులు దగ్గరికొచ్చాయి, ఆగాయి. నూక కూడా తనలాగే చూసి దాటిపోతుందేమోనని వరహాలుకు భయమేసింది.

పోలేదమ్మా. వచ్చి తాకింది.

కథ నడిచింది కంచికి,
నూక నడిచింది ఇంటికి,
నిద్ర రావాలి నీ కంటికి.