సన్యాసిరావు తరుగు

విశాఖపట్నంలో ఒక కుక్కర్ల కంపెనీలో, పైవాళ్ళు ఏ లెక్క వినాలనుకుంటే ఆ లెక్కే వినిపించే సన్యాసిరావు అనే పరిశోధన అధికారి ఉండేవాడు.

పరిశోధన అంటే తెల్లకోట్లు, గాజు సీసాలు అనుకునేరు. అదేం కాదు. కంపెనీ కొత్త కుక్కరు తయారు చేసినప్పుడల్లా, అమ్మకానికి ముందు కొన్ని ఇళ్ళకు ఊరికే ఇచ్చేవారు. కొంతకాలం పోయాక సన్యాసిరావు ఆ ఇళ్ళకు వెళ్ళి, "ఎలా ఉందమ్మా?" అని అడగాలి. వాళ్ళు చెప్పింది లెక్కకట్టి డైరెక్టరుగారికి అప్పగించాలి. అంతే ఉద్యోగం.

పాపం, అతను పుట్టుకతో అబద్ధాలకోరు కాదు. చేరిన కొత్తలో ఒకసారి, "వందమందిలో నలభైమందికి మన కుక్కరు నచ్చలేదు సార్" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. డైరెక్టరు విశ్వపతిగారు మీటింగు అయ్యేదాకా అతన్ని నిలబెట్టి ప్రశ్నలు వేశారు. ఏ ఇళ్ళకు వెళ్ళావు, ఎలా అడిగావు, అసలు నీకు అడగడం వచ్చా అన్నారు. తర్వాతిసారి సన్యాసిరావు తొంభైమందికి నచ్చిందని చెప్పాడు. ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. టీ వచ్చింది. టీతో పాటు జీడిపప్పు బిస్కట్లు కూడా వచ్చాయి. అతను అప్పటికే ఎండలో వీధివీధీ తిరిగి అలిసిపోయి ఉన్నాడు. అలిసిపోయినవాడికి కుర్చీ చూపిస్తే కూర్చోకుండా ఉంటాడా?

తొంభై ఎలా తెచ్చాడంటారా? పెద్ద విద్యేమీ కాదు. బాగాలేదన్నవాళ్ళని "వాడడం తెలియనివాళ్ళు" అని పక్కన పెట్టేవాడు. తలుపు తియ్యనివాళ్ళని, ఫోను ఎత్తనివాళ్ళని, "ఏమోనండీ" అని ఊరుకున్నవాళ్ళని నచ్చినవాళ్ళలో కలిపేసేవాడు.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మనం ఇంకొంచెం ఉదారంగా పూర్తి అంగీకారం అనుకుందాం" అని నవ్వేవాడు.

ఆఫీసువాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? అందరికీ నచ్చాయన్న కుక్కర్లు గోదాములోనే మూలుగుతుంటే ఎవరికి అర్థం కాదు? ఎవరూ పైకి అనలేదు. అనకుండానే ఒక పద్ధతి పెట్టుకున్నారు. అనకాపల్లిలో బెల్లం కొనేవాడు తేమకని, మట్టికని తరుగు తీస్తాడు చూశారూ, అలాగే సన్యాసిరావు ఏ లెక్క తెచ్చినా అందులోంచి తరుగు తీసేవారు. అమ్మకాల మేనేజరు జోగారావు మూడోవంతు తీసేవాడు. అకౌంట్సువాళ్ళు సగానికి సగం కొట్టేసేవారు. డైరెక్టరుగారు ఎంత తీసేవారో తెలియదు గాని, ఆయనా తీసేవారు. దీనికి ఆఫీసులో "సన్యాసిరావు తరుగు" అని పేరు.

ఆ పేరు సన్యాసిరావుకూ తెలుసు. తెలిసి సిగ్గుపడ్డాడా అంటే, లేదు. "ఎలాగూ తరుగు తీస్తారు కదా" అని ఇంకాస్త ఎక్కువ వేసి చెప్పడం మొదలుపెట్టాడు. ఇతను వేసేవాడు, వాళ్ళు తీసేవారు. ఏళ్ళు అలాగే గడిచాయి. అసలు నిజం ఎంతో ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న ఓపికా ఎవరికీ లేదు. సాయంత్రం బస్సు అందితే చాలు.

కాంటీనులో వంట చేసే పైడమ్మకు కూడా ఈ తరుగు సంగతి తెలుసు. కాంటీను భోజనం మీద సర్వే చేసేదీ సన్యాసిరావే మరి. "పైడమ్మా, వందలో తొంభై అయిదుమంది నీ సాంబారు బ్రహ్మాండం అన్నారు" అని చెప్పేవాడు. మొదట్లో ఆవిడ మురిసిపోయింది. తర్వాత తర్వాత, కంచాల్లో వదిలేసిన సాంబారు పారబోస్తూ తనలో తనే నవ్వుకునేది. అయినా అతనంటే ఆవిడకు అభిమానమే. ఎండన పడి ఆలస్యంగా వచ్చిన రోజున, "కూకోండి బాబూ, మీకోసం పక్కనెట్టేను" అని వేడిగా వడ్డించేది.

ఇలా ఉండగా కంపెనీ ఒక కొత్త రకం కుక్కరు చేసింది. మూత మీద ఉన్న మీట నొక్కితే ఒంటిచేత్తో తెరుచుకుంటుంది. ఆవిరి పూర్తిగా పోయేదాకా ఆ మీట కదలకూడదు. విశ్వపతిగారి ఆశలన్నీ దాని మీదే ఉన్నాయి. ఎప్పటిలాగే కొన్ని ఇళ్ళకు ఇచ్చారు. ఎప్పటిలాగే సన్యాసిరావు సంచీ తగిలించుకుని బయలుదేరాడు.

గోపాలపట్నంలో ఒక ఇల్లాలు అతన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి పైకి చూపించింది. ఇంటి కప్పుకు పప్పు అంటుకుని ఎండిపోయి ఉంది.

"ఆవిరి ఇంకా పోలేదండీ. నేను ముట్టుకోనేలేదు, మీట దానంతటదే జారింది. మూత ఎగిరి కప్పుకు కొట్టుకుంది. మా పాప అప్పుడే అక్కణ్ణుంచి లేచి వెళ్ళింది" అంది.

సన్యాసిరావు ఆ కప్పు వంక చూస్తూ నిలబడిపోయాడు. ఈవిడని "వాడడం తెలియనివాళ్ళ"లో వెయ్యడానికి అతనికి మనసొప్పలేదు. మిగిలిన ఇళ్ళన్నీ ఓపిగ్గా తిరిగాడు. తలుపు తియ్యని ఇంటికి మళ్ళీ వెళ్ళాడు. ఫోను ఎత్తనివాళ్ళకు ఎత్తేదాకా చేశాడు. వాళ్ళు ఎందుకు ఎత్తడం లేదో అప్పుడు తెలిసింది. మూతకు భయపడి చాలామంది కుక్కరును అటకెక్కించేశారు. ఊరికే ఇచ్చిన వస్తువు బాగాలేదని చెప్పడానికి మొహమాటపడి ఊరుకున్నారు. ఇన్నేళ్ళుగా తను "అంగీకారం" అని రాసుకున్న మౌనాలన్నీ ఏమిటో సన్యాసిరావుకు ఆ పూట అర్థమైంది. చేరిన కొత్తలో కట్టినట్టు, ఈ లెక్క ఉన్నదున్నట్టు కట్టాడు. పది కుక్కర్లలో రెండింటికి మూత ముందే ఊడుతోంది.

"పదింట రెండు సార్" అన్నాడు మీటింగులో. "ఇది ఆపాలి. ఎవరికైనా ఒళ్ళు కాలుతుంది."

ఎప్పుడూ తీపి చెప్పే నోటి నుంచి చేదు మాట వస్తే ఎవరైనా ఉలిక్కిపడాలి. కానీ అలవాటు అంత తేలిగ్గా వదులుతుందా? జోగారావు బిస్కట్టు నములుతూనే తరుగు తీసేశాడు.

"సన్యాసిరావుగారు రెండన్నారంటే అర ఉంటుంది సార్. మొన్న ప్రమోషను రాలేదు కదా, ఆ మంట కూడా ఇందులో కొంత కలిసి ఉంటుంది" అన్నాడు.

అందరూ నవ్వారు.

"కాదు సార్, ఈసారి నిజం" అన్నాడు సన్యాసిరావు.

నవ్వు ఇంకా పెద్దదైంది. విశ్వపతిగారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈసారి నిజమంటే, ఇన్నాళ్ళూ చెప్పినవేమిటి?" అని అడిగారు.

అసలు పరీక్ష ఇదీ. "ఇన్నాళ్ళూ చెప్పినవి అబద్ధాలు సార్. వీళ్ళని తీశాను, వాళ్ళని కలిపాను. ఈ ఒక్కదానిలో అలా చెయ్యలేదు. నమ్మకపోతే ఇప్పుడే నాతో గోపాలపట్నం రండి" అని అనగలిగితే ఆ కుక్కరు అక్కడే ఆగిపోయేది. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఉద్యోగం గుర్తొచ్చింది. ఈ వయసులో మళ్ళీ ఎవరి గుమ్మం ఎక్కను అనిపించింది. మాట మింగేసి తల దించుకున్నాడు.

విశ్వపతిగారు కాసేపు చూసి కళ్ళజోడు పెట్టుకున్నారు.

"సరే, మౌనం అర్ధాంగీకారం. ఇదీ నీ పాతవాటిలాంటి లెక్కే అన్నమాట. శుక్రవారం విడుదల కానిద్దాం" అన్నారు.

బయటికి వచ్చాక వరండాలో సన్యాసిరావు జోగారావు చెయ్యి పట్టుకున్నాడు.

"జోగారావుగారూ, మీకైనా నమ్మకం లేదా? నా కళ్ళతో చూశానండీ."

జోగారావు చెడ్డవాడు కాదు. అతనూ అలిసిపోయినవాడే. "మీరు నిజమే చెబుతున్నారేమో. కానీ నాకెలా తెలుస్తుందండీ? మీరు నిజం చెబితే గొంతు ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు" అన్నాడు. తర్వాత టైము చూసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త కుక్కర్లు గేటు దాటి అంగళ్ళకు వెళ్ళేముందు వాటికి పసుపూ కుంకుమా పెట్టి, వాటిలో మొదట కాంటీనులో పప్పు ఉడికించి అందరికీ వడ్డించేవారు. శుక్రవారం పొద్దున్న సన్యాసిరావు కాంటీను గుమ్మంలోకి వెళ్ళాడు. పైడమ్మ కొత్త కుక్కర్లను వరసగా పొయ్యిల మీదికి ఎక్కిస్తోంది.

"పైడమ్మా, ఆ మూతలతో జాగ్రత్త. పదింట రెండు ఊడిపోతున్నాయి. దగ్గరగా నిలబడకు" అన్నాడు.

పైడమ్మ పకపకా నవ్వింది.

"నా సాంబారు వందలో తొంభై అయిదుమంది మెచ్చుకున్నారన్న బాబే కదేటి తమరు! ఎల్లండి, ఎల్లి కూకోండి. పప్పు అయినాక మీకే ముందెడతాను" అంది.

అతను మళ్ళీ చెప్పబోయాడు. అంతలో కొబ్బరికాయ కొడుతున్నారు రమ్మని బయటి నుంచి జోగారావు కేకేశాడు. సన్యాసిరావు వెళ్ళిపోయాడు. చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగవలసినవాడు, చెప్పాను కదా అని సరిపెట్టుకున్నాడు. నాకు అతని మీద జాలి ఉంది గాని, ఈ ఒక్కచోట మాత్రం కోపమే.

కొబ్బరికాయ పగిలిన కాసేపటికి కాంటీనులో ఏదో పేలినట్టు పెద్ద చప్పుడైంది. వెంటనే పైడమ్మ అరుపు వినిపించింది. అందరూ పరుగెత్తారు. కుక్కరు మూత ఎక్కడో మూలన పడి ఉంది. కుతకుత ఉడుకుతున్న పప్పు పైడమ్మ కుడిచేతి మీద మోచేతిదాకా పడింది. ఆవిడ చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఏం జరిగిందో తెలియనట్టు అందరి మొహాలూ చూస్తోంది.

ఆ రోజు కుక్కర్లు గేటు దాటలేదు. పైడమ్మను ఎక్కించుకుని కారు ఆస్పత్రికి వెళ్ళగానే, సన్యాసిరావు అక్కడే నిలబడి అందరి ముందూ మొత్తం చెప్పేశాడు. ఎవరిని తీసేశాడో, ఎవరిని కలిపాడో, ఎన్నేళ్ళుగా చేస్తున్నాడో ఏదీ దాచలేదు. జోగారావు తల ఎత్తలేదు. విశ్వపతిగారు అతని వైపు తిరిగారు.

"మొదటిసారి నువ్వు నలభైమందికి నచ్చలేదన్నప్పుడు, నిన్ను నిలబెట్టకుండా కూర్చోబెట్టి విని ఉండాల్సింది" అన్నారు.

ఏ ఉద్యోగం పోతుందని అతను ఆ రోజు నోరు మూసుకున్నాడో, ఆ ఉద్యోగం పోలేదు కూడా. అది అతనికి ఇంకా బాధగా ఉంది.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాడు. పైడమ్మ చేతికి పెద్ద కట్టు కట్టారు. అతన్ని చూసి లేవబోయింది.

"నన్ను క్షమించు పైడమ్మా" అన్నాడు.

"మీ తప్పేటి బాబూ? మీరు ముందే సెప్పేరు కదా. నానే నవ్వీసేను" అంది.

తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. మంచం పక్కన ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు.

"సెయ్యి ఎప్పటికి బాగవుతాదంట బాబూ? మల్లీ గరిటె పట్టగల్నా?" అని అడిగింది పైడమ్మ. కంగారంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. గరిటె పడితేనే కదా ఆవిడకు బతుకు.

సన్యాసిరావు గదిలోకి వచ్చేముందే డాక్టరును అడిగి తెలుసుకున్నాడు.

"రెండు నెలలు పడుతుంది. పూర్తిగా నయమవుతుందన్నారు. గరిటె హాయిగా పడతావు" అన్నాడు. డాక్టరు చెప్పినదానికి ఒక్క రోజు కలపలేదు, ఒక్క రోజు తియ్యలేదు.

పైడమ్మ మర్యాదగా తల ఊపింది. తర్వాత అతని భుజం మీదుగా, మాత్రలు ఇవ్వడానికి వస్తున్న నర్సును పిలిచింది.

"ఓలమ్మా, నువ్వు సెప్పమ్మా. నిజంగా ఎన్నాళ్ళు పడతాది?"

"రెండు నెలలు పెద్దమ్మా. ఏం భయం లేదు, పూర్తిగా తగ్గిపోతుంది" అంది నర్సు.

అప్పుడు గాని పైడమ్మ మొహం తేటపడలేదు. సన్యాసిరావు తన చేతుల వంక చూసుకుంటూ అక్కడే కూర్చుండిపోయాడు.

లెక్కలు చెప్పేవాళ్ళందరూ గుర్తుంచుకోవలసిన నీతి ఇదే: తప్పుడు లెక్కలకు అలవాటుపడిన నోటితో నిజం చెప్పినా, ఆ నిజానికి కూడా తరుగు తప్పదు.