దొరగారి కదలని కారు

వెనకటికి ఒక దొర, నలుగురికీ చూపించుకోవడానికే కారు కొన్నాడు. ఒకనాడు తాళం తిప్పితే అది కిక్కురుమనలేదు.

"లోపలి లైటు ఆర్పకుండా వదిలేశావు! రేపట్నుంచి పనిలోకి రాకు," అని డ్రైవరు కొండలు మీద మండిపడ్డాడు.

కొండలుకి నిజం తెలుసు. పలకరించే మనిషి లేక, దొరసానే రోజూ ఆ కారులో లైటు వేసుకుని ఒంటరిగా కూర్చుంటుంది. ఆ మాట మాత్రం అతను బయటపెట్టలేదు.

"కదలని బండికి బ్యాటరీ చచ్చిపోతుందండీ. రోజూ సాయంత్రం తిప్పాలి."

"అయితే తిప్పు!"

"ఖాళీగా తిప్పితే, దొరగారు బండిని అద్దెకిచ్చారని ఊళ్లోవాళ్లు అనుకుంటారండీ."

దొర ఉలిక్కిపడ్డాడు. "ఛీఛీ! అమ్మగారిని ఎక్కించుకో."

పాలేర్లు తోస్తే బండి అందుకుంది. ఏటిగట్టున ఎండ మెత్తబడుతుంటే దొరసాని మెల్లగా అడిగింది. "బ్యాటరీ నిండడానికి ఎన్నాళ్లు పడుతుంది, కొండలూ?"

"చాలా ఏళ్లండీ, అమ్మగారూ."